గాటు ఉంచుకోండి, అక్కడ దూకకండి

“టీచరుగారు వెళ్ళిపోయారండి, రాజుగారూ” అని మా ఊరి శామ్యూలు ఫోను చేసినప్పుడు నేను రాజమహేంద్రవరంలో నా అద్దె వాటా మెట్లు దిగుతున్నాను. ఉన్నచోటనే నిలబడిపోయాను. ఎనభై దాటి చాలాకాలమైన మనిషి పోవడం అనూహ్యమేమీ కాదు. అయినా ఆమె లేని మా ఊరిని నేను ఎన్నడూ ఊహించుకోలేదని ఆ క్షణానే తెలిసింది. నోటికి వచ్చిన మొదటి ప్రశ్న మాత్రం విచారానికి సంబంధించినది కాదు.

“ఏ వేళకి?” అన్నాను.

“ఆరింటికండి.”

“ఏ ఆరు?”

“టీచరుగారి ఆరేనండి. ఆ గోడ గడియారం చూసే చెప్తున్నాను. మన టైముకైతే ఐదండి.”

బయటివాళ్ళకు ఈ సంభాషణ వింతగా తోచవచ్చు. గోదావరి గట్టున ఉన్న మా ఊరి పేటలో టైము రెండు రకాలు. ఒకటి అందరిదీ. రెండోది ఎస్తేరమ్మ టీచరుగారిది. అది గంట ముందుంటుంది. ఆమె ముందుగదిలో వేలాడే గడియారం బర్మా నుంచి ఓడలో వచ్చింది. రంగూనులో ఎంతవుతుందో మా ఊళ్ళోనూ అంతే చూపించేది. ఆమె దాన్ని సరిచేయలేదు, ఎవరినీ సరిచేయనివ్వలేదు. దానికొక నియమం పెట్టుకున్నారు: గడప లోపల ఉన్నంతసేపు రంగూను టైము, గడప దాటితే మన టైము. ఒకసారి కొత్తగా వచ్చిన పాస్టరుగారికి ఈ సంగతి తెలియలేదు. “మా ఇంట్లో ప్రార్థన ఆరింటికండి” అని ఆమె చెబితే ఆరింటికే వచ్చారు. అప్పటికి కీర్తనలు పాడేసి, టీలు తాగేసి, జనం ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన బైబిలు చంకలో పెట్టుకుని ఖాళీ చాపల మధ్య నిలబడ్డారు. “మీరు వస్తారనే ఒక గ్లాసు టీ ఉంచానండి” అన్నారట టీచరుగారు.

ఆమె శిష్యులు తెస్తున్న ఈ స్మారక సంచికకు నన్ను రాయమన్నారు. ఎందుకు నన్నే అడిగారో నాకు తెలుసు. ఆమె నోట తరచు వినిపించిన చీనా మాట ఒకటి మా ఊళ్ళో నా ఇంటిపేరుతో కలిసిపోయింది. ఆ మాట వాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. దాని పుట్టుకా, అర్థమూ తెలిసి వాడేవాళ్ళు తక్కువ. ఆమెను స్మరించుకోవడానికి ఆ రెండూ సరిగా చెప్పడం కంటే తగిన పని నాకు కనిపించలేదు.

ఎస్తేరమ్మగారి తండ్రి మా ఊరి పేట నుంచి రంగూను వెళ్ళి అక్కడి బియ్యం మిల్లులో పనిచేశారు. ఆమె అక్కడే పుట్టారు, అక్కడే చదువుకున్నారు. వాళ్ళ పక్కింట్లో ఒక చీనా వడ్రంగి ఉండేవాడు. టేకు పెట్టెలు చేసి అమ్మేవాడు. ఆయన భార్యను ఈమె “చీనా అత్త” అనేవారు. ఆ అత్త చేతులతో చిక్కుళ్ళు వలుస్తూనే, నోటితో పిల్లలను మందలిస్తూ ఉండేదట. ఆ మందలింపులన్నీ నాలుగేసి అక్షరాల మాటలు. చీనా భాషలో అక్షరమే ఒక మాట. అలాంటివి నాలుగు పక్కపక్కన పెడితే వాటి వెనక ఒక కథ ఉంటుంది. కథ తెలిసినవాళ్ళకు నాలుగక్షరాలు చాలు. తెలియనివాళ్ళకు నలభై చెప్పినా చాలవు. టీచరుగారు వాటిని “నాలుగు ముక్కల మాటలు” అనేవారు. “మనవాళ్ళు నాలుగు ముక్కలు మాట్లాడండి అంటే గంటసేపు మాట్లాడతారండి. వాళ్ళు నాలుగంటే నాలుగే” అని మా ఊరి సభల్లో వక్తలను దెప్పేవారు.

బర్మాలో దుకాణాలూ మిల్లులూ సర్కారు పరమైన కాలంలో ఆ కుటుంబం ఓడెక్కి వచ్చేసింది. అప్పటికి ఎస్తేరమ్మగారికి ఇరవై దాటాయి. బయలుదేరేముందు వడ్రంగి ఆమెకొక టేకు పెట్టె చేసి ఇచ్చాడు. మూత లోపలివైపు ఉలితో నాలుగక్షరాలు చెక్కాడు. ఆ పెట్టెను నేను చూశాను. అక్షరాలను ఆమె వేలితో తడుముతూ ఒక్కొక్కటే చెప్పారు: చెక్కు. పడవ. వెతుకు. కత్తి.

“ఇదెందుకు చెక్కావు మావా అని అడిగానండి. నవ్వాడు. పడవెక్కి పోతున్నావుగా అమ్మాయీ, రంగూను ఇక్కడే జారి పడిపోతుంది, అక్కడ దిగి వెతుక్కోకు అన్నాడు.”

ఆమె సరేనని తల ఊపి, మా ఊరు చేరి, అదే పెట్టె మూత తీసి, అందులోనుంచి గడియారం తీసి, రంగూను టైముతోనే గోడకు తగిలించారు.

నాకు పదేళ్ళ వయసులో ఇంగ్లీషు చెప్పించాలని మా తాతగారు అనుకున్నారు. మిషన్ స్కూల్లో కొత్తగా చేరిన బర్మా టీచరమ్మ ఇంగ్లీషు బాగుంటుందని విని కబురు పంపారు. అప్పట్లో మా మేడలోకి పేటవాళ్ళు రారు. వచ్చినా వసారా కింద నిలబడతారు. ఎస్తేరమ్మగారు వసారా ఎక్కి వచ్చి, చుట్టూ చూసి, “కుర్చీ ఏదండి?” అని అడిగారు. తాతగారు కళ్ళతోనే వసారా కింద నేల చూపించారు. “నిలబడి చెప్పమన్నా చెప్తానండి. నిలబడి చెప్పే పాఠం నిలబడే వినాలి. చిన్నబాబుగారు గంటసేపు నిలబడగలరా?” అన్నారు. ఆ గొంతులో ధిక్కారం లేదు. స్కూల్లో హాజరు పిలిచే గొంతే. తాతగారు నావైపు చూశారు. నాకు అప్పుడే కాళ్ళు లాగుతున్నట్టున్నాయి. లోపలినుంచి కుర్చీ వచ్చింది. మా వసారాలో పేట మనిషికి వేసిన మొదటి కుర్చీ అది. మేడ అమ్మేసిన తరువాత అక్కడ కల్యాణ మండపం వచ్చింది. ఇప్పుడు ఆ చోట ఎవరికైనా కుర్చీ వేస్తారు.

తాతగారు ఆమె గురించి ఎప్పుడూ పొగడ్తగా మాట్లాడలేదు. “ఆ పిల్ల వెన్ను నిటారుగా ఉంటుంది” అనేవారు. మా ఇంట్లో అంతకుమించిన ప్రశంస లేదు.

ఆ తరువాత నేను ఆమె స్కూల్లోనే కొన్నేళ్ళు చదివాను. ఆ నాలుగు ముక్కల కథను మొదట అక్కడే విన్నాను. చూ అనే రాజ్యంలో ఒక మనిషి పడవ మీద నది దాటుతున్నాడు. మొలలో కత్తి జారి నీళ్ళలో పడింది. అతడు కంగారుపడలేదు. చిన్న చాకుతో పడవ అంచు మీద, కత్తి జారినచోట, ఒక గాటు పెట్టాడు. “నా కత్తి ఇక్కడ పడింది” అన్నాడు. పడవ అవతలి ఒడ్డు చేరింది. అతడు గాటు చూసుకుని, సరిగ్గా దాని కిందే నీళ్ళలో దూకి, కత్తికోసం వెతికాడు.

క్లాసంతా నవ్వింది. వెనక బెంచీలోనుంచి ఒకడు, “ఆడికి బుర్ర లేదండి, టీచరుగారండీ!” అని అరిచాడు.

“ఎవడ్రా అది? లే. నిన్న నీ పలక ఏమైంది?”

“కాలవలో పడిపోయిందండి.”

“ఎక్కడ పడింది?”

“వంతెన మీంచండి.”

“మరి ఎక్కడ వెతికావు?”

“రేవు దగ్గరండి.”

“వంతెన దగ్గర పడితే రేవు దగ్గర వెతకడమేంట్రా?”

“అక్కడైతే దిగడానికి మెట్లుంటాయండి.”

టీచరుగారు నవ్వు ఆపుకున్నారు. “కూర్చో. చూ రాజ్యంలో మీ చుట్టాలున్నారు, వెళ్ళి పలకరించి రా” అన్నారు. ఆ కుర్రవాడు బడి వదిలేదాకా ‘చూ రాజు’గానే మిగిలాడు.

ఆ కథ పిల్లలను నవ్వించడానికి పుట్టింది కాదని ఆమె తరువాత చెప్పారు. రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయ శిక్షణ పొందిన రోజుల్లో అక్కడి గ్రంథాలయంలో ఇంగ్లీషు పుస్తకాలు తిరగేసి, చీనా అత్త చెప్పకుండా వదిలేసిన భాగాన్ని పట్టుకున్నారట. రెండువేల ఏళ్ళకు పూర్వం ఒక చీనా మంత్రి తన ఆశ్రయంలో ఉన్న పండితుల చేత పెద్ద గ్రంథం రాయించాడు. అందులో ఈ కథ రాజ్యం ఏలేవాళ్ళకోసం చెప్పింది. పూర్వపు రాజులు చేసిన చట్టాలు ఆ కాలానికి మంచివే. కాలం పడవలా సాగిపోయింది. చట్టం మాత్రం గాటులా అక్కడే ఉంది. దాన్నిబట్టి పాలిస్తే దొరికేది నీళ్ళే అని వాదం. అదే చోట ఇంకో కథ ఉందని కూడా చెప్పారు. ఒకడు చంటిబిడ్డను నదిలోకి విసరబోతున్నాడు. బిడ్డ ఏడుస్తోంది. ఎందుకురా అంటే, “వీడి తండ్రి గొప్ప ఈతగాడు” అన్నాడట.

కాబట్టి ఈ మాటకు ‘తెలివితక్కువవాడు’ అని అర్థం చెప్పడం సరికాదు. గాటు పెట్టినవాడు ఒకరకంగా శ్రద్ధగలవాడే. గుర్తు పెట్టుకున్నాడు, గుర్తును నమ్మాడు. గుర్తు పెట్టిన తరువాత కదిలిపోయినదాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అంతే అతని తప్పు. మా ఊళ్ళో ఇప్పుడు ఎవరైనా పాత మాట పట్టుకుని వేలాడితే “గాటు పెట్టాడు” అంటున్నారు. అది సగం అర్థమే. తక్కిన సగం నేను టీచరుగారి నుంచి నేర్చుకున్నాను. అది చెప్పాలంటే మా గాటు సంగతి చెప్పాలి.

మా ఊరి రేవులో పైనుంచి మూడో మెట్టు మీద అడుగు పొడవున ఒక గాటు ఉంది. మా ముత్తాతగారు చెక్కించారు. దానికి సూటిగా ఎదురుగా, నది మధ్యన, మా లంక ఉండేది. “గాటుకెదురుగా ఉన్నది మనది” అని మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు నేర్పేవారు. ఆ లంకకోసం తాతగారు అవతలి గట్టువాళ్ళతో చాలాకాలం వ్యాజ్యమాడారు. దానికింద మెరక పోయింది, పల్లం పోయింది, చివరికి మేడ తాకట్టులో పడింది. ఆయన వ్యాజ్యం గెలిచారు. గెలిచిన లంకను పెద్ద వరదలో గోదావరి కోసుకుపోయింది. గాటుకెదురుగా నీళ్ళు మిగిలాయి.

తరువాత నది నెమ్మదిగా దారి మార్చుకుంది. ఎగువన పేటవాళ్ళ పొలాల అంచునుంచి ఒక ఇసుక మేట మొదలై, ఏటికేడు పెరిగి, కిందికి సాగి, వచ్చి వచ్చి మా గాటుకెదురుగా నిలిచింది. మీద ఒండ్రు కట్టింది. పేటవాళ్ళు దాన్ని చదునుచేసి దోసా, పుచ్చా వేసుకున్నారు. ముప్పై కుటుంబాల దాకా దానిమీదే ఆధారపడ్డాయి. నేను ఆ భూమి మాదని అర్జీ పెట్టాను. సహకార బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. భూమి దున్నుకునే వయసు కాదు. కానీ గాటుకెదురుగా మళ్ళీ లంక లేచింది. మా వంశం పేరుతో మిగిలినది ఆ ఒక్క గీత. దానికి అర్థం ఉందని రుజువు కావడం నాకు అవసరం. అర్జీ నెగ్గితే ఆ కుటుంబాలు లంక దిగిపోవాలి. వీగితే మా గాటు మెట్టు మీది గీకుడుగా మిగులుతుంది.

తహసీల్దారుగారు రేవు దగ్గరే విచారణ పెడతామనీ, ఇరుపక్షాలూ పాత సంగతులు తెలిసిన పెద్దలను తీసుకురావాలనీ చెప్పారు. పాత లంకను కళ్ళారా చూసి, అందరూ నమ్మే నోరున్న మనిషి ఊళ్ళో ఒక్కరే మిగిలారు. ఎస్తేరమ్మగారు తమ చర్చి మనిషి కాబట్టి తమవైపే అని పేట నమ్మింది. మా ఇంట కుర్చీ వేయించుకున్న టీచరు కాబట్టి నిజం చెప్తారని నేను నమ్మాను.

విచారణకు ముందు ఒక ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను. గడియారం పది కొట్టింది. నా చేతి వాచీలో తొమ్మిది. రంగూను అలవాటు ప్రకారం పాలు లేని పలుచటి టీ ఇచ్చారు.

“టీచరుగారూ, మీరు వచ్చిన కొత్తలో మా లంక ఎక్కడుండేదో గుర్తుందా?” అని అడిగాను.

“గుర్తు లేకేమండి! మీ గాటుకెదురుగానే ఉండేది. దానిమీద పుచ్చకాయ తిన్నాను కూడా. మీ తాతగారే పంపారు.”

“ఆ మాట తహసీల్దారుగారి ముందు చెప్పగలరా?”

“చెప్తానండి. నిజమేగా.”

నేను లేవబోయాను.

“కూర్చోండి బాబుగారూ. టీ సగంలో లేస్తే నా టీ బాగోలేదని ఊరంతా చెప్పుకుంటారు. ఆ మాట తరవాత ఇంకో మాట కూడా చెప్పాలండి. ఇప్పుడక్కడున్నది ఆ లంక కాదు.”

“గాటుకెదురుగా ఉన్నది మాది. అది మా ముత్తాతగారి మాట.”

“చూ రాజ్యం ఆయన కూడా అదే అన్నాడండి.”

నాకు కోపం వచ్చింది. “ఆయన గాటు పెట్టింది పడవమీద. పడవ కదిలింది. మా గాటు రాతిమీద ఉంది. రాయి కదల్లేదు” అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టారు. ఆమెకు ఎదురు వాదమంటే ఇష్టం. కళ్ళు చిన్నవి చేసి నన్ను చూశారు. “బాగుందండి. ఎనిమిదో తరగతిలో ఈ మాట అనుంటే మార్కులు వేసేదాన్ని. అప్పుడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. రాయి కదల్లేదు, ఒప్పుకుంటాను. గోదారి కదిలింది. లంక కదిలింది. తమరు రాజమండ్రి వెళ్ళిపోయారు. నేను ముసలిదాన్నయ్యాను. అన్నీ సాగిపోయి ఒక్కటే ఆగిపోతే, దారి తప్పింది ఆ ఒక్కటేనండి.”

“మా తాతగారు ఆ గాటు చూపించే వ్యాజ్యం గెలిచారు.”

“గెలిచారండి. ఆయన గొప్ప ఈతగాడు. మరి చంటిబిడ్డ సంగతేంటండి?”

నా ముఖాన ఇంకెవరైనా ఆ మాట అనివుంటే ఆ గడప మళ్ళీ తొక్కేవాణ్ణి కాదు. నేను గోడవైపు చేయి చూపి, “మరి మీ గడియారమో?” అన్నాను.

ఆమె గడియారంవైపు చూశారు. తరువాత నవ్వారు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

“దొరికిపోయానండి బాబుగారూ. అదీ గాటే. రంగూను ఎక్కడ జారిందో అక్కడ పెట్టుకున్న గుర్తు. రోజూ చూసుకుంటాను. ఈ పాటికి చీనా అత్త చిక్కుళ్ళు వలుస్తూ ఉంటుంది అనుకుంటాను. ఆవిడ ఎప్పుడో పోయుంటుంది, తెలుసు. అయినా అనుకుంటాను. కానీ ఈ గడియారం చూసుకుని ఏనాడన్నా బడికి గంట ముందెళ్ళానా అండి? తాళం వేసిన బడి ముందు నిలబడ్డానా? మావ చెక్కింది నాకు చాన్నాళ్ళకి అర్థమైంది. గాటు పెట్టుకోవద్దని కాదండి ఆ కథ. పోయినదాన్ని గుర్తు పెట్టుకోవద్దంటే మనుషులెలా బతుకుతారు? గాటు ఉంచుకోండి. అక్కడ దూకకండి.”

నేను టీ పూర్తిచేసి వచ్చేశాను. ఏ మాటా ఇవ్వలేదు. ఆమె అడగలేదు.

విచారణ రోజున రేవు నిండా జనం. ఆమె కర్ర పట్టుకుని మెట్లు దిగి, మూడో మెట్టు దగ్గర ఆగి, గాటుకు రెండువైపులా కాళ్ళు పెట్టి నిలబడ్డారు. తహసీల్దారుగారు కుర్చీ వేయించబోతే వద్దన్నారు. “సాక్ష్యం నిలబడే చెప్పాలండి” అన్నారు. చెప్పింది రెండు మాటలు. “రాజుగారి లంక ఈ గాటుకెదురుగానే ఉండేది, నేను చూశాను. దాన్ని గోదారి తీసుకుపోయింది, అదీ చూశాను. ఇది ఎగువనుంచి వచ్చిన వేరే మేట.”

పేటవైపు ఈలలు లేచాయి. అప్పట్లో కుర్రవాడైన శామ్యూలు ముందుకు దూకాడు. “అయితే ఆ గాటు కూడా తీయించెయ్యాలండి! ఇంటికెళ్ళి ఉలి తెస్తాను. ఉంచితే రేపు రాజుగారి మనవలొచ్చి మళ్ళీ మొదలెడతారు.”

“శామ్యూలూ!” అన్నారు టీచరుగారు. ఈలలు ఆగిపోయాయి. “నీకు లంక కావాలా, గాటు కావాలా?”

“లంకేనండి.”

“అయితే ఈ మెట్టు జోలికి రాకు. రాజుగారి ముత్తాత అబద్ధం చెక్కలేదు. ఆయన నిజాన్ని నువ్వు చెరిపేస్తే, రేపు నీ నిజాన్ని ఎవడు ఉంచుతాడ్రా? నీ లెక్కల పుస్తకంలో తప్పు కూడా కొట్టెయ్యనిచ్చేదాన్ని కాదు, పక్కన ఒప్పు రాయమనేదాన్ని. మర్చిపోయావా?”

“లేదండి టీచరుగారండీ.”

“ఏటా వరద తీసాక ఈ గాట్లో ఒండ్రు నువ్వే తీస్తావు. సరేనా?”

“నేనాండి?”

“ఉలి తెస్తానన్నావుగా. చేతులకి పనుండాలి.”

జనం నవ్వారు. శామ్యూలూ నవ్వాడు. తహసీల్దారుగారు నావైపు తిరిగి ఏమంటారని అడిగారు. అర్జీ ఉపసంహరించుకుంటున్నానని చెప్పాను. ఆమెకు లొంగిపోయానని కొందరన్నారు. ఓపిక అయిపోయిందని కొందరన్నారు. రెండూ నిజం కాదు. మా ముత్తాతగారు అబద్ధం చెక్కలేదని నిండు రేవులో, ఎదుటిపక్షం అందరి ముందు, ఆమె చెప్పారు. నేను కోరినదీ అదే. ఆ తరువాత నీళ్ళలో దిగవలసిన అవసరం నాకు కనిపించలేదు.

ఆ వేసవిలో పేటవాళ్ళు లంకలో కాసిన తొలి పుచ్చకాయను ఆటోలో రాజమహేంద్రవరం పంపారు. నేను తిప్పి పంపాను. మరుసటి వారం అదే పరిమాణంలో ఇంకోటి వచ్చింది, టీచరుగారి ఫోను కూడా వచ్చింది. “అది కప్పం కాదండి, కాయ. కాయ తినడానికి వంశం అడ్డమొస్తుందా?” అన్నారు. తిన్నాను. బాగుంది.

భూస్థాపన నాలుగింటికని కబురు వచ్చింది. నేను నిడదవోలులో రైలు దిగి ఆటోలో ఊరు చేరేసరికి ఇంటిముందు చిన్న తర్జనభర్జన జరుగుతోంది. నాలుగంటే ఎవరి నాలుగు? మృతదేహం ఇంట్లో ఉంది కాబట్టి టీచరుగారి టైమే, అంటే మన మూడింటికే తీయాలని పెద్దవాళ్ళ వాదం. ఆ రోజు ఖాళీ చాపల మధ్య నిలబడిన పాస్టరుగారు ఇప్పుడు బాగా వృద్ధులు. ఆయన తేల్చారు. “ఆవిడ గడప దాటుతున్నారు కదయ్యా. గడప దాటితే మన టైమే.” నాలుగింటికే తీశారు. ఆ మాటతో అంతవరకు మామూలుగా ఉన్నవాళ్ళు కూడా ఏడ్చారు.

సమాధి దగ్గరనుంచి నేను రేవుకు వెళ్ళాను. మూడో మెట్టు మీద గాటు శుభ్రంగా ఉంది. నాచు లేదు, ఒండ్రు లేదు. అంచులు కొత్తగా చెక్కినట్టు కనిపిస్తున్నాయి. ఎదురుగా లంకలో పుచ్చతీగలు పాకి ఉన్నాయి. లంక కొస అప్పుడే గాటును దాటి దిగువకు సాగుతోంది. ఇంకొన్నేళ్ళకు అది కూడా ఎదుట ఉండదు.

తిరిగి వాళ్ళింటికి వచ్చేసరికి ఆమె తమ్ముడి మనవరాలు, హైదరాబాదులో ఉద్యోగం చేసే పిల్ల, స్టూలెక్కి గడియారం ముల్లు మీద వేలు పెట్టింది.

“ఆగమ్మా. ఏం చేస్తున్నావు?”

“టైము గంట ముందుందండి తాతగారూ. సరిచేస్తున్నా.”

“అది సరిగానే ఉంది. రంగూను టైము.”

పిల్ల గడియారంవైపు, నావైపు మార్చి మార్చి చూసింది. “ఇప్పుడింక రంగూను టైము ఎవరు చూసుకుంటారండి?” అంది.

స్టూలు దిగమన్నాను. టేకు పెట్టె మూత తెరిచి ఆ నాలుగక్షరాలూ చూపించి, చెక్కు, పడవ, వెతుకు, కత్తి అని వరసగా చెప్పి, చూ రాజ్యపు మనిషి కథ మొదలుపెట్టాను. టీచరుగారు చెప్పినట్టు నాకు చెప్పడం రాలేదు. పిల్ల నవ్వవలసినచోట నవ్వలేదు. తక్కిన సగం అర్థం దగ్గరకు వచ్చేసరికి పెట్టె మూత వేసేశాను. అక్కడితో ఆపేశాను. గడియారం మాత్రం అలాగే ఉంది.

ఆమె శిష్యులలో గొప్ప ఉద్యోగాలు చేసినవాళ్ళున్నారు. వాళ్ళు ఆమె గొప్పతనాన్ని నాకంటే బాగా రాస్తారు. మా వంశంలో ఎవరికీ తలవంచే అలవాటు లేదు. ఆ సాయంత్రం ఆమె ఇంటి గుమ్మం ఎత్తు తక్కువని మాత్రమే తలవంచానని ఎవరైనా అనుకుంటే, నేను ఖండించను.

గాటు ఎక్కడుందో నాకు తెలుసు. గోదావరి ఎక్కడుందో చెప్పేవారు ఇక లేరు.